తవుడంటే తొలివెలుగు అని చెప్పాను

ఆ రోజుల్లో కలకత్తాలో ఎవరికైనా పేరు చెప్పడమంటే అంతటితో అయిపోయే పని కాదు. పేరు వినగానే ఎదుటివాళ్ళు తల కాస్త పక్కకి వంచి "మానే కీ?" అంటారు. అంటే దాని అర్థమేమిటని. (ఈ రోజుల్లోనూ అంటారనుకోండి. బెంగాలీవాళ్ళు చేప తినడం మానేస్తే మానేస్తారేమో గానీ పేరుకి అర్థం అడగడం మాత్రం మానరు.) అది చాలదన్నట్టు అక్కడ ప్రతి మనిషికీ రెండు పేర్లు. ఇంట్లో పిలుచుకునేది డాక్ నామ్, బళ్ళోనూ ఆఫీసులోనూ పెళ్ళి కార్డు మీదా ఉండేది భాలో నామ్. ఇంట్లో బూబాయి అని పిలిపించుకునేవాడు గుమ్మం దాటేసరికి ఆరక్షరాల సంస్కృత సమాసమైపోతాడు. నాకు అలాంటి సదుపాయం లేదు. ఇంటా బయటా, రేషన్ కార్డులోనూ డిగ్రీ పట్టాలోనూ నాకు ఒక్కటే పేరు. తవుడు.

నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మామూలుగా తెలుగువాళ్ళు ఈ పేరు విని ముందు నవ్వుతారు, ఆ తర్వాత నన్ను ఎగాదిగా చూసి "మగపిల్లాడి పేరు కదండీ?" అంటారు. శ్రీకాకుళం వైపు వాళ్ళు మాత్రం నవ్వరు. "నీకు ముందు మీ యమ్మకి ఎందరు పోయినారే?" అని మెల్లిగా అడుగుతారు. ఇద్దరు పోయారు. పురుడు వెళ్ళకుండానే పోయారు. అలాంటి ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే మా వైపు ఒక పద్ధతి ఉంది. బిడ్డని చేటలో పడుకోబెట్టి, పనికిరాని వస్తువుని పారేసినట్టు గుమ్మం బయట పెడతారు. ముందే చెప్పి ఉంచిన ఇరుగమ్మ ఎవరో ఏమీ తెలియనట్టు అటుగా వచ్చి, "ఇదేటి, బిడ్డనొగ్గేసినారు, నాకమ్ముతారేటి?" అని అడిగి, మానెడు తవుడు కొలిచి పోసి బిడ్డని కొనుక్కుంటుంది. ఆపైన "నా బిడ్డని కాస్త పెంచి పెట్టండి" అని ఆ తల్లి చేతుల్లోనే పెట్టి తన దారిన తను వెళ్ళిపోతుంది. ఇంక ఆ బిడ్డ ఆ తల్లిది కాదు. పిల్లల్ని తీసుకుపోవడానికి అలవాటు పడ్డ మృత్యువు మళ్ళీ వచ్చి చూస్తే ఇంట్లో ఉన్నది పరాయి బిడ్డ, అదీ తవుడు ఖరీదు చేసే బిడ్డ. ఎంత మృత్యువైనా దాని మర్యాద దానికుంటుంది కదా, ఒట్టి చేతులతో వెళ్ళిపోతుంది.

మా నాన్న ఊరొదిలి కలకత్తా వచ్చి, ఖిదిర్‌పూర్ రేవులో ఓడల నుంచి బస్తాలు దింపే పని చేసేవాడు. మాకు ఎదురింట్లో ఉండే బిహారీ చాచీకి నాలుగు గేదెలుండేవి, కాబట్టి తవుడుకి వెతుక్కోనక్కర్లేకపోయింది. నన్ను కొన్నది ఆవిడే. కొన్నదాన్ని కొన్నట్టు ఊరుకోకుండా, నాకు పదేళ్ళు వచ్చేదాకా రోజూ సాయంత్రం ఒక గ్లాసుడు పాలు తెచ్చి "మా బిటియాకి" అని ఇచ్చి వెళ్ళేది. నేను అల్లరి చేసినప్పుడు మా అమ్మ "ఎల్లు, మీ యమ్మ కాడికే ఎల్లు" అని వీధి వైపు చెయ్యి చూపించేది. నేను నిజంగానే వెళ్ళి చాచీ గేదెల దగ్గర కూర్చునేదాన్ని.

అలా కొన్న పిల్లలకి మామూలుగా మగపిల్లాడైతే తవిటయ్య అని, ఆడపిల్లయితే తవిటమ్మ అని పెడతారు. నా విషయంలో మా నానమ్మ ఆ తోక పడనివ్వలేదు. "అమ్మ, అయ్య అని గౌరం తగిలిస్తే పైవోడికి అనుమానం రాదేటి? తవుడుకి గౌరమేటి?" అందట. నాన్న తల్లిమాట జవదాటని మనిషి, కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్ళి "తవుడు, అంతే బాబూ" అని రాయించి వచ్చాడు. దాంతో నేను అటు అమ్మా కాకుండా, ఇటు అయ్యా కాకుండా మిగిలాను. బళ్ళో మొదటి రోజు నా పేరు మగపిల్లల జాబితాలో ఉంది. పరీక్ష హాల్లో మీసాలొస్తున్న కుర్రాళ్ళ మధ్య నాకు సీటు పడింది. ఉద్యోగంలో చేరినప్పుడు కొత్తవాళ్ళందరికీ కంపెనీ కానుకలిస్తే ఆడపిల్లలకి స్కార్ఫులొచ్చాయి, నాకు టై వచ్చింది. (నాన్న దాన్ని బనీను మీద కట్టుకుని అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. ఇప్పటికీ బీరువాలో ఉంది.) ఇవన్నీ నాకు తమాషాగానే ఉండేవి గానీ సిగ్గనిపించలేదు. మా వీధిలో పెంటయ్య ఉన్నాడు, చాచీ కొడుకు ఫేకన్ ఉన్నాడు, వాడి పేరుకి పారేసినవాడని అర్థం. అందరమూ అక్కర్లేనివాళ్ళమే, అందరమూ సుఖంగా ఉన్నాం.

సిగ్గు అనేది సాల్ట్ లేక్‌లో, కంప్యూటర్ కంపెనీలుండే సెక్టర్ ఫైవ్‌లో, ఏసీ గదిలో పుట్టింది. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. మా ఇంట్లో మెడలో తాడుతో కార్డు వేలాడదీసుకుని ఆఫీసు బస్సెక్కిన మొదటి మనిషిని నేనే. మా టీమ్‌కి పెద్ద ఒక బెంగాలీ దీదీ. కొత్తగా వచ్చినవాళ్ళందరినీ మొదటి రోజు సాయంత్రం టీ దగ్గర నిలబెట్టి, పేరూ దాని అర్థమూ చెప్పమనడం ఆమె పద్ధతి. నాకు ముందు నలుగురు చెప్పారు. ఒకమ్మాయి తామరపువ్వు. ఒకబ్బాయి అంతులేని ఆకాశం. ఇంకో అబ్బాయి యుద్ధంలో ఓడనివాడు (చూస్తే గాలికి ఎగిరిపోయేట్టున్నాడు). నాలుగో అమ్మాయి వీణలో ఏదో తీగ. నా వంతు వచ్చింది. "తవుడు" అన్నాను. "ఇది డాక్ నామ్ కదా, భాలో నామ్ చెప్పు" అన్నారు. ఇదే భాలో నామ్ అన్నాను. "మానే కీ?" అంది దీదీ, తల పక్కకి వంచి.

పశువుల దాణా అని చెప్పాలి. నోరు తెరిచాను. ఆ తామరపువ్వూ ఆ ఆకాశమూ నా వంక చూస్తున్నారు. "తెల్లవారేముందు వచ్చే తొలివెలుగు" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. బహుశా ఆ రోజు పొద్దున మొదటి బస్సు అందుకోవడానికి చీకటితోనే లేచి బయల్దేరాను కాబట్టి అదే బుర్రలో ఉండి ఉంటుంది. అందరూ "ఆహా" అన్నారు. దీదీ కళ్ళు మూసుకుని "తాబుడు, తాబుడు" అని రెండుసార్లు పలికి చూసుకుంది. (వకారం వాళ్ళ నోట బకారమైపోతుంది, అది వాళ్ళ తప్పు కాదు.) నాకు ఒంట్లో ఏదో హాయిగా అనిపించింది. పుట్టిన ఇన్నాళ్ళకి నా పేరు విని ఎవరో "ఆహా" అన్నారు మరి.

ఆ దీదీ గురించి ఒక మాట చెప్పాలి. నేను ఇంగ్లీషులో రాసే ఉత్తరాలు చూసి నవ్వని మనిషి ఆ ఆఫీసులో ఆమె ఒక్కతే. పక్కన కూర్చోబెట్టుకుని వాక్యం వాక్యం దిద్దేది. ఒకసారి ఒక క్లయింటుకి పోవలసిన ఫైలు ఇంకో క్లయింటుకి పంపేశాను. ఉద్యోగం ఊడిందనే అనుకుని డబ్బా సర్దుకుంటుంటే, పైవాళ్ళ గదిలోకి తనే వెళ్ళి, తప్పు తనదని చెప్పి వచ్చింది. బయటికొచ్చి నాతో అన్నది ఒకటే, "మళ్ళీ చెయ్యకు, టీ తాగుదాం పద." అటువంటి మనిషికి నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. ఒక్కటే కదా అనుకుంటూ రెండేళ్ళు గడిపేశాను.

ఒకరోజు దీదీ పని మధ్యలో "మీ భాషలో నీ పేరు ఆడపిల్లకి పెడతారా, మగపిల్లాడికా?" అని అడిగింది. ఇద్దరికీ సరిపోతుందన్నాను. "చాలా బాగుంది" అని, ఒక కాగితం ముక్క ఇచ్చి తెలుగులో రాయమంది. నాకప్పటికి తెలుగు అక్షరాలు అరకొరగా వచ్చు, నాలుక బయట పెట్టి మరీ బొమ్మ గీసినట్టు గీసి ఇచ్చాను. నా పుట్టినరోజుకి కేకు మీద రాయించడానికి కాబోలు అనుకున్నాను. (ఆశ చూడండి.) తర్వాత కొన్ని వారాలకే ఆమె సెలవు మీద వెళ్ళింది. అప్పుడు తెలిసింది మాకు, ఏడో నెల అని. అన్నాళ్ళూ వదులు వదులు కుర్తాలు వేసుకుని ఎవరికీ తెలియనివ్వలేదు. ఎందుకంత దాపరికమో అని మేమంతా చెవులు కొరుక్కున్నాం. ఆడపిల్ల పుట్టిందని ఫోనొచ్చింది. ఫోనులోనే అందరం మిఠాయి తినిపించెయ్యమని గోల చేశాం. ఆపైన ఆరునెలలకి ఇంటికి కార్డు వచ్చింది.

అన్నప్రాశన కార్డు. వాళ్ళు ముఖే భాత్ అంటారు, బిడ్డ నోటికి మొదటి ముద్ద అన్నమాట. భాలో నామ్ నలుగురికీ తెలిసేది ఆ రోజే. కార్డు మీద బంగారు రంగులో పైన బెంగాలీలో ఒక పేరు, దాని కింద నా వంకర చేతిరాతనే అచ్చం దించేసిన తెలుగు అక్షరాలు. తవుడు. ఆ కింద బెంగాలీలో ఇంకో వరుస: "తెల్లవారేముందు వచ్చిన మా తొలివెలుగు." లోపల చిన్న చీటీ, "నీ వల్ల దొరికిన పేరు, నువ్వూ మీ అమ్మా ముందు వరుసలో కూర్చోవాలి" అని.

నవ్వొచ్చే సంగతి కాదిది. ఆ పసిపిల్ల రేపు బళ్ళోనూ కాలేజీలోనూ తొలివెలుగునని చెప్పుకుంటూ తిరిగి, ఏదో ఒకనాడు తెలుగు తెలిసినవాడు ఎవడో ఎదురుపడి ఫక్కున నవ్వితే ఏమిటి గతి? వాళ్ళమ్మ నా గురించి ఏమనుకుంటుంది? వెంటనే ఫోన్ చేశాను. "దీదీ, పేరు గురించి ఒక మాట చెప్పాలి" అన్నాను. "ఏమీ చెప్పకు, మొహమాటపడకు. మా ఆయన పెదనాన్న ప్రొఫెసరు కదా, ఆయన ఈ పేరుకి మూలధాతువు కూడా కనిపెట్టేశారు! వెండిగిన్నె మీద చెక్కించాం కూడా" అంది. ఆ గొంతులో అంత సంతోషం విన్నాక "మంచిది దీదీ" అని పెట్టేశాను. ఆ తర్వాత ఫోన్లో పెద్ద మెసేజీ రాశాను, చెరిపేశాను. మళ్ళీ రాశాను, "కంగ్రాట్స్ దీదీ" అని మాత్రం పంపాను. పిరికివాళ్ళకి టైపు చెయ్యడం బాగా వస్తుంది.

కార్డు దాచేద్దామనుకునేలోగా అమ్మ చేతిలో పడింది. అమ్మ ఊళ్ళో మూడో తరగతి దాకా చదివింది, తెలుగు కూడబలుక్కుంటుంది. "త... వు... డు. ఒలే గుంటా, ఇది నీ పేరు కదేటి? బంగారం అచ్చరాలతోటి ఏసినారేటి?" అంది, మొహం చేటంత చేసుకుని. దీదీ తన కూతురికి పెట్టుకుందని చెప్పాను. "మరి కిందనేటి రాసినారు?" చెప్పక తప్పలేదు. తొలివెలుగు అని చదివాను. అమ్మ నా మొహంలోకి చూసింది. "తొలి ఎలుగా? ఎవులు సెప్పినారాలకి?" "నేనే." కార్డు అరుగు మీద పెట్టి, లోపలికెళ్ళి పొయ్యి మీద కూర కలపడం మొదలుపెట్టింది. అమ్మ తిడితే నాకు అలవాటే. అలా ఊరుకోవడం మాత్రం భరించలేకపోయాను. వెనకాలే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

చాలాసేపటికి గరిటె పక్కన పెట్టి, "ఆ పిల్లకి ముందర ఆలకెవులైనా పోయినారేటి?" అని అడిగింది. ఏమో, తెలియదన్నాను. "మరయితే కొనుక్కోకుండా ఆ పేరెలగెడతారే? తవుడు పొయ్యకుండా తవుడనీసి పిలిస్తే పైవోడితోటి ఎకసెక్కాలాడినట్టు కాదేటి? దోసం. బిడ్డకి దోసం" అంది. నేను అబద్ధం గురించి బెంగపడుతుంటే అమ్మ పద్ధతి గురించి బెంగపడుతోంది! "నానొస్తాను. నాను సూసుకుంటాను" అని మళ్ళీ గరిటె తీసుకుంది.

చూసుకోవడమంటే ఏమిటో ఆదివారం పొద్దున తెలిసింది. అమ్మ తన పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, పసుపు రాసిన కొత్త చేట ఒక చేతిలో, బట్టలకొట్టు సంచీ ఇంకో చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. సంచీలో రెండు కిలోల తవుడు, వీధి చివర పశువుల దాణా అమ్మే బిహారీ దుకాణంలో జల్లించి మరీ తెచ్చింది. కాళ్ళావేళ్ళా పడ్డాను. "అక్కడ పెద్ద పెద్దవాళ్ళొస్తారమ్మా, నా పరువు పోతుంది, వద్దమ్మా" అన్నాను. అమ్మ నన్ను తోసుకుంటూ చెప్పులేసుకుంది. "నీకేటి తెలుసే. నువ్వు సేటలో తొంగున్నావు. గుమ్మంలో నిలబడ్డది నాను" అంది. వెంట నడిచాను.

ఖిదిర్‌పూర్ నుంచి సాల్ట్ లేక్ దాకా బస్సు. చేటని నా చున్నీ కింద దాచబోతే అమ్మ లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. కండక్టరు టిక్కెట్టు చింపుతూ "ఇదేమిటి మాసీ?" అన్నాడు. అమ్మది ముప్పై ఏళ్ళ బజారు బెంగాలీ, అందులో వ్యాకరణం ఉండదు గానీ దయ ఉంటుంది, ఎదుటివాళ్ళు ఆడైనా మగైనా అందరూ దాదాలే. "సునో దాదా" అని మొదలుపెట్టి, ఇద్దరు పోవడమూ, చాచీ రావడమూ, తవుడు పొయ్యడమూ అంతా చెప్పింది. "ఏయ్ మేయే, ఇదే ఆ పిల్ల" అని నా భుజం తట్టి చూపించింది కూడా. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి నన్ను తేరిపార చూసి, "దీర్ఘాయుష్షు" అన్నాడు. రెండేళ్ళు నేను దాచిన సంగతి గంట ప్రయాణంలో సగం బస్సుకి తెలిసిపోయింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈ బస్సు ఎక్కడైనా ఆగిపోతే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను. అది ఏ రోజూ లేనంత హుషారుగా పోయింది.

దీదీ ఇంట్లో కింది హాలంతా పూలు, సన్నాయి, చేపల వేపుడు వాసన. పాప ఎర్రచీర ముక్క చుట్టుకుని, నుదుట చందనం చుక్కలతో, తలమీద బెండు కిరీటంతో కూర్చుంది. ఎదురుగా పళ్ళెంలో కలమూ పుస్తకమూ మట్టిబెడ్డా బంగారమూ పెట్టారు, పాప ఏది పట్టుకుంటే అది దాని భవిష్యత్తు. దీదీ పరుగెత్తుకొచ్చి అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టింది. చేటని చూసి "ఎంత అందంగా ఉందో, ఆంధ్రా హస్తకళా?" అంది. నేను అవునూ కాదూ అనకుండా తల ఆడించాను. ఇంతలో ప్రొఫెసరు పెదనాన్న లేచి, కళ్ళద్దాలు సర్దుకుని, తాబుడు అనే పదం మీద ఉపన్యాసం మొదలుపెట్టారు. చీకటికీ వెలుగుకీ మధ్యనున్న ఆ పవిత్ర క్షణం, దక్షిణాది ప్రాచీన రుషులు దాన్ని ఏమన్నారు, ఆ ధాతువు అక్కడి నుంచి వంగదేశానికి ఎలా వచ్చింది... (ఎంత బాగా చెప్పారంటే, మధ్యలో నేను కూడా నమ్మేశాను.)

"ఏటంటన్నాడే?" అని అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "నీకెందుకమ్మా" అన్నాను. కానీ ముప్పై ఏళ్ళ బజారు బెంగాలీ ఊరికే పోదు కదా, ఆలో అంటే వెలుగని ఆవిడకి తెలుసు. లేచి నిలబడింది. చాలా మర్యాదగా, చేతులు జోడించి, హాలంతటికీ వినపడేట్టు అంది. "నా దాదా. తవుడు మానే భూషి. గొరు ఖాయ్."

కాదన్నా, తవుడంటే పొట్టు, ఆవు తింటుంది అని. సన్నాయి రికార్డు కూడా సరిగ్గా అప్పుడే అయిపోయింది. పెదనాన్నగారి చెయ్యి గాలిలో ప్రాచీన రుషుల దగ్గరే ఆగిపోయింది. దీదీ నా వైపు తిరిగింది. ఆమె కళ్ళలో కోపం కూడా లేదు, ఏమీ అర్థం కాని చూపు. ఆ చూపు కంటే కోపమే నయం. లేచాను. తొలివెలుగు నేను కల్పించిందని, సిగ్గుపడి అబద్ధం చెప్పానని, మా అమ్మకి ఇద్దరు పోయాక నన్ను చేటలో పెట్టి తవుడుకి అమ్మారని, నా పేరు అంతకుమించి ఇంకేమీ కాదని ఒక్క గుక్కలో చెప్పేశాను. వెనక వరుసల్లోంచి కొన్ని కిసుక్కుమనడాలు వినపడ్డాయి.

"ఎంత తవుడుకి?" అని ఒక సన్నటి గొంతు అడిగింది. మూల కుర్చీలో తెల్లచీరలో ఉన్న ముసలావిడ, దీదీ అత్తగారికి అత్తగారు. ఎనభై దాటినావిడ. మానెడు అన్నాను. "మా నాన్నని మూడు గవ్వలకి అమ్మారు" అందావిడ. "అందుకే తిన్‌కొడి అని పేరు. ఆయన తర్వాత పుట్టిన మేనత్తని అయిదు గవ్వలకి. ఆవిడ పాంచ్‌కొడి. మా కాలంలో ఆడైనా మగైనా గవ్వల లెక్కే పేరు. ఇద్దరూ తొంభై ఏళ్ళు బతికారు." తర్వాత దీదీ వైపు చూసింది. "రెండు కడుపులు పోయాయి నీకు. ఈసారి వదులు బట్టలేసుకుని ఏడు నెలలు లోకం నుంచి దాచావు, నాకు తెలియదనుకున్నావా? పిచ్చిదానా, దాస్తే ఆగుతుందా? అమ్మెయ్యాలి. ఈ ఇంట్లో ఇంతమంది చదువుకున్నవాళ్ళున్నారు, ఆ మాత్రం బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. పాపం ఎక్కడి నుంచో ఈవిడ మోసుకొచ్చింది."

దీదీ అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చింది. ఆఫీసులో రెండేళ్ళు పక్కపక్కన కూర్చుని టీలు తాగాం, ఆమె ఏం మోస్తోందో నాకు తెలియలేదు. అమ్మ ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. చేట కింద పెట్టి, పాపని కిరీటంతో సహా ఎత్తి అందులో పడుకోబెట్టి, గుమ్మం బయట పెట్టించింది. తను నాలుగడుగులు వెనక్కెళ్ళి, ఏమీ తెలియనట్టు నడుచుకుంటూ వచ్చి, "ఇదేటి, బిడ్డనొగ్గేసినారు, నాకమ్ముతారేటి?" అంది. తెలుగులోనే అంది. దీదీకి ఒక్క ముక్క తెలుగు రాదు, అయినా తల ఊపింది. అమ్మ దోసిళ్ళతో చేట పక్కనే తవుడు పోసింది. పోస్తుండగానే పాప గుప్పెడు పట్టుకుని నోట్లో పెట్టేసుకుంది! వెండిగిన్నెలో పాయసం చల్లారిపోతుండగా, ముఖే భాత్ కాస్తా ముఖే భూషి అయిపోయింది. ఆ పిల్ల తుమ్మితే ఇల్లంతా నవ్వింది, దీదీ కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. పెదనాన్నగారు మాత్రం తేరుకుని, గింజని కాపాడేది పొట్టేనని, అసలు ధాతువు అదేనని తనకి మొదటినుంచీ అనుమానంగానే ఉందని పక్కవాళ్ళకి చెబుతున్నారు.

చేతులు కడుక్కునే చోట దీదీ నన్ను పట్టుకుంది. "నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?" అంది. ఏం చెప్పను? "సిగ్గేసింది దీదీ" అన్నాను. "సరే, మధ్యాహ్నం ఇంకా వందమంది వస్తారు. అందరి చేతుల్లోనూ కార్డులున్నాయి. గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ అసలు అర్థం నువ్వే చెప్పు. అదే నీకు శిక్ష" అని, చేపముక్క ఒకటి నా నోట్లో కుక్కి వెళ్ళిపోయింది. నిలబడ్డాను. మొదటి పదిమందికి నేలచూపులు చూస్తూ చెప్పాను. ఆ తర్వాత కాస్త నయం. ముప్పయ్యో మనిషి దగ్గరికి వచ్చేసరికి చాచీ గేదెలూ పాలగ్లాసూ కూడా కలిపి చెబుతున్నాను. చివర్లో వచ్చినవాళ్ళని నేనే ఆపి మరీ చెప్పాను. జీవితంలో అంత గొప్ప శిక్ష నాకు మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. అందుకు ఆ దీదీకి నేను ఎన్ని జన్మలకి రుణపడి ఉన్నానో నాకే తెలియదు. అమ్మకైతే ఆ లెక్కే లేదు. (తెలుగు సరిగ్గా రాయడం నేర్చుకున్నది కూడా ఆ తర్వాతే. మళ్ళీ ఎవరైనా కార్డు మీద అచ్చు వేస్తే అక్షరాలైనా తిన్నగా ఉండాలని.)

పాపకి ఆ పేరే ఉంచారు. ఇప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. అమ్మకి డెబ్బై దాటాయి, అయినా కొన్నదాన్ని కొన్నట్టు వదిలెయ్యడం మా ఇంటా వంటా లేదు కాబట్టి, నెలకోసారి బస్సెక్కి వెళ్ళి "నా గుంటెలాగుంది?" అని చూసుకుని వస్తుంది. అమ్మతో అది తెలుగు మాట్లాడుతుంది, అదీ శ్రీకాకుళం తెలుగు, "ఏటి మామ్మా" అని.

మొన్న ఆ పిల్లే ఫోన్ చేసింది. బళ్ళో తమ పేరు గురించి రాసి చదవమన్నారట. పొట్టు, చేట, గవ్వలు, బస్సు కండక్టరు, అన్నీ రాసేసిందట. క్లాసంతా నవ్విందట, టీచరు ఇంకోసారి చదివించిందట. ఇదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పి, "మాసీ, నువ్వు నిజంగా రెండేళ్ళు తొలివెలుగు అని చెప్పావా?" అని అడిగింది.

"చెప్పానే."

"ఎందుకు?"

"సిగ్గేసి."

"దేనికి సిగ్గు?" అంది. వెక్కిరింత కాదు, పిల్లకి నిజంగానే అర్థం కాలేదు. నేను చాలా వెతికాను. ఆ తామరపువ్వుని, ఆ అంతులేని ఆకాశాన్ని, ఆ ఏసీ గదిని, నా మెడలో కార్డుని, అన్నిటినీ గుర్తు తెచ్చుకున్నాను. పద్నాలుగేళ్ళ పిల్లకి నచ్చజెప్పగలిగిన కారణం ఒక్కటీ దొరకలేదు.

"ఏమో తల్లీ" అన్నాను, "అప్పటికి నాకు నీ అంత వయసు రాలేదు."